వారం వారం కడిగే కంప్యూటరు

రాజోలు దగ్గర యాకోబు మాస్టారింట్లో ఏం జరిగినా వచ్చే మాట ఒక్కటే: ‘ఫర్వాలేదండీ’. కొబ్బరి దింపేవాడు గెల తీసుకెళ్ళి వంటింటి పెంకుల మీద పడేసినా ఫర్వాలేదు, పక్కింటివాళ్ళ గేదె పెరట్లో పూలమొక్కలన్నీ నమిలేసినా ఫర్వాలేదు. పైగా ఆ గేదెకి ఓ బకెట్టు కుడితి పెట్టి మరీ సాగనంపుతారు. చిన్నమ్మాయి బ్లెస్సీకి ఈ మర్యాద పుట్టుకతోనే వచ్చింది గానీ, ఒక్కోసారి గొంతుకి అడ్డం పడుతుండేది. ఆ శనివారం పడినంత అడ్డంగా మాత్రం ఎప్పుడూ పడలేదు.

ఆ రోజు పెద్దమ్మాయి శారోన్ అత్తగారు పుష్పలత మొదటిసారి ఇంటికి వచ్చింది. నర్సాపురంలో ఏదో పెళ్ళి చూసుకుని, సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు దిగి, పలివెలలో ఇంటికి వెళ్తూ దారిలో ఆగింది. ఆవిడ ఆడపిల్లల హాస్టలుకి వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. గట్టిగా తుమ్మితే పిల్లలంతా లేచి నిలబడేవారట. శారోన్ ముందురోజే ఫోను చేసి, “అమ్మా, మా అత్తయ్యగారి దగ్గర కాస్త జాగర్త” అని హెచ్చరించింది. దాంతో వాళ్ళమ్మ హన్నమ్మ ఇల్లంతా కడిగి, కర్టెన్లు మార్చి, ఇంట్లో కనిపించిన ప్రతి వస్తువుకీ ఓ ముసుగు వేసింది.

ముసుగు వేసిన వాటిలో బ్లెస్సీ కంప్యూటరు డబ్బా కూడా ఉంది. పాత సామాను కొని, ఒక్కో భాగమే పోగుచేసి, తన చేతులతో బిగించుకున్న డబ్బా అది. దానికి హన్నమ్మ తెల్లటి గుడ్డతో, అంచున కుచ్చులు పెట్టి, మధ్యలో గులాబీపువ్వు కుట్టి తొడుగు చేసింది. దానికి గాలాడదమ్మా అని బ్లెస్సీ తీసేస్తూనే ఉంటుంది, చుట్టాలొస్తున్నారంటే తల్లి మళ్ళీ తొడుగుతూనే ఉంటుంది. కుర్చీ పక్కన ఎత్తుగా, కుచ్చులతో ఉన్న ఆ వస్తువుని చూస్తే ఎవరికైనా స్టూలే అనిపిస్తుంది.

పుష్పలతగారికీ అలాగే అనిపించింది. హన్నమ్మ గాజుగ్లాసులో కొబ్బరిబొండాం నీళ్ళు పోసి ఇస్తే, రెండు గుక్కలు తాగి గ్లాసు దాని మీద పెట్టింది. ఆ గుడ్డ కింద ఉన్నది గట్టి చెక్క కాదు, లోపలి ఫ్యాను గాలి తీసుకునే జల్లెడ రేకు. గ్లాసు ఓ పక్కకి ఒరిగింది. బొండాం నీళ్ళు మొత్తం గులాబీపువ్వు లోంచి గుటగుటా లోపలికి దిగిపోయాయి.

“అయ్యయ్యో!” అంది పుష్పలత లేవబోతూ. “తడిసిపోయిందండీ.”

“అబ్బే, ఫర్వాలేదండీ అక్కయ్యగారూ! ఈ ఎండకి దానిక్కూడా దాహం వేసుంటది. మీరు కూర్చోండి” అన్నాడు యాకోబు మాస్టారు.

“స్టూలేనండీ వదినగారూ, ఆరిపోద్ది” అంది హన్నమ్మ.

స్టూలు బుర్రుమని మూలిగింది.

బ్లెస్సీ కుర్చీలో ముందుకి జరిగింది. డబ్బా లోపల పని నడుస్తోంది. రెండు నెలలుగా గీసిన బొమ్మలన్నిటినీ కూర్చి కంప్యూటరు సినిమా చేస్తోంది. హైదరాబాదులో ఓ బొమ్మల సినిమాల కంపెనీవాళ్ళు, సోమవారం సాయంత్రంలోగా సొంతంగా చేసిన చిన్న సినిమా పంపమన్నారు. నచ్చితే ఉద్యోగం. చిన్నప్పుడు లెక్కల పుస్తకం అంచుల్లో బొమ్మలు గీసి దెబ్బలు తిన్న పిల్లకి, ఆ బొమ్మలకే జీతం ఇస్తామని ఒకరు అనడం మాటలు కాదు. ఆ రెండు నెలల పనీ ఆ డబ్బాలోని హార్డ్ డిస్కులోనే ఉంది. తీపి నీళ్ళు ఇప్పుడు దాని మీదకే కారుతున్నాయి.

ఎగిరి వెళ్ళి ప్లగ్గు పీకెయ్యాలి. కానీ తల్లి కళ్ళు ‘వద్దు’ అంటున్నాయి, తండ్రి కళ్ళు ‘అక్క కాపురం’ అంటున్నాయి. బ్లెస్సీ నవ్వుమొహంతో లేచి, నింపాదిగా నాలుగడుగులు వేసి, గుమ్మం దాటగానే ఒక్క పరుగున వెళ్ళి మీటరు బోర్డు మీద మెయిన్ కట్టేసింది.

“కరెంటు పోయిందండీ” అని లోపలికి వచ్చి చెప్పింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. స్టూలు మూలుగుతూనే ఉంది. వియ్యపురాలికి ఉక్కపోయకూడదని మాస్టారు మొన్ననే కొత్త బ్యాటరీ వేయించిన ఇన్వర్టరు క్షణం ఆలస్యం చేయకుండా అందుకుంది. బ్లెస్సీ పళ్ళు బిగబట్టి, మంచినీళ్ళు తెస్తానని వెళ్ళి, దాని పీకా నొక్కి వచ్చింది. అప్పుడు ఆగింది డబ్బా.

“ఎదురింట్లో టీవీ మోగుతోందే?” అంది పుష్పలత, చెమట తుడుచుకుంటూ.

“వాళ్ళది వేరే లైనండీ” అన్నాడు యాకోబు మాస్టారు. బైబిలు క్లాసులో అబద్ధం గురించి గంటసేపు చెప్పే మనిషి, వియ్యపురాలికి విసనకర్రతో విసురుతూ ఆ మాట అన్నాడు.

హన్నమ్మ ఆవిణ్ణి భోజనానికి లేపింది. రొయ్యల ఇగురు, చందువ పులుసు, పనసపొట్టు కూర. ఒక్కొక్కటీ రెండేసి సార్లు వడ్డించాలి, ఆవిడ వద్దనాలి, వీళ్ళు వేయాలి. ఆ సందులో బ్లెస్సీ ‘స్టూలు’ని ఎత్తుకుని పెరటి వసారాలోకి పరిగెత్తింది.

పక్క రేకు విప్పి చూస్తే ఏడుపొచ్చింది. కార్డుల మీద, పెద్ద బోర్డు మీద, హార్డ్ డిస్కు వెనకున్న పచ్చటి పలక మీద జిగటగా నీళ్ళు. మామూలు నీళ్ళయితే ఆరబెడితే చాలు. బొండాం నీళ్ళలో ఉప్పూ ఉంటుంది, తీపీ ఉంటుంది. అలాగే ఆరిపోతే రాగి తీగల్ని తినేస్తాయి. ముందు కడగాలి. అదీ కుళాయి నీళ్ళతో కాదు, ఏమీ కలవని నీళ్ళతో. బ్లెస్సీకి ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా గుర్తొచ్చింది. పరుగున తెచ్చి, వెడల్పాటి బేసిన్లో పోసి, కరెంటునిచ్చే పెట్టె, ఫ్యాన్లు పక్కన పెట్టి, కార్డులూ బోర్డూ ఒక్కొక్కటే ముంచి, మెత్తటి బొమ్మల కుంచెతో తుడవసాగింది. హార్డ్ డిస్కుని మాత్రం ముంచలేదు. దాని పచ్చ పలక ఊడదీసి, తడి కుంచెతో పసిపిల్ల మొహం కడిగినట్టు కడిగింది.

“ఏం చేత్తన్నావమ్మా?”

వెనక పుష్పలత. చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వచ్చింది. కళ్ళజోడు సవరించుకుని బేసిన్లోకి చూస్తోంది. ఆవిడ వెనక హన్నమ్మ, చేతిలో చెంబుతో కొయ్యబారిపోయింది.

“కంప్యూటరండీ అత్తయ్యగారూ” అంది బ్లెస్సీ. తర్వాతి మాట ఆ ఇంటి పెంపకం అన్నది. “వారం వారం కడుగుతామండీ. దుమ్ము పడుతుంది కదండీ.”

“ఆయ్, శనివారం శనివారం అండీ” అంది హన్నమ్మ.

పుష్పలత మొహం వెలిగింది. “ఎంత శుభ్రమండీ మీకు! మా అబ్బాయి రాజ్ కుమార్ కంప్యూటరు కొన్నాక ఒక్కసారి కడిగిన పాపాన పోలేదు. అందుకే నత్త నడక నడుస్తోంది.” అంటూనే నడుముకి దోపుకున్న ఫోను తీసి, శారోన్‌కి కలిపి, స్పీకరు పెట్టింది. “అమ్మా శారోన్, మీ పుట్టింట్లో వారం వారం కంప్యూటరు కడుగుతారంట కదా. నాకెప్పుడూ చెప్పలేదేం?”

శారోన్ కూడా ఆ ఇంటి పిల్లే మరి.

“ఆయ్, కడుగుతామండీ అత్తయ్యగారూ.”

“అయితే ఇవాళే మనదీ కడిగెయ్. సర్ఫు వెయ్యాలా?”

“మీరెలా చెబితే అలాగండీ. బకెట్టులో నానబెట్టేదాండీ?”

బ్లెస్సీ ఇక ఆగలేకపోయింది. తడిచేత్తోనే ఫోను లాక్కుని, “అక్కా, కడక్కు! ముట్టుకోకు! అంతా అబద్ధం!” అని అరిచింది.

ఆ కేకకి మాస్టారు విసనకర్రతో సహా పెరట్లోకి వచ్చాడు. పుష్పలత హాస్టల్లో దొంగతనం పట్టుకున్నప్పటి చూపు ఒకటి విసిరి, “ఏది అబద్ధం?” అంది.

“కంప్యూటర్లు ఎవరూ కడగరండీ. దీంట్లో బొండాం నీళ్ళు పడ్డాయండీ.”

“ఎవరు పోసేరు?”

తండ్రి దగ్గాడు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. బ్లెస్సీ తల ఎత్తింది. “మీరేనండీ. అది స్టూలు కాదండీ. నా రెండు నెలల కష్టం అందులో ఉందండీ. కరెంటు పోలేదండీ, నేనే కట్టేసేను.”

చెప్పేశాక ఒళ్ళు తేలికైపోయింది. ఆ వెంటనే భయం వేసింది.

పుష్పలత వసారా గట్టు మీద కూలబడింది. “ఇంత జరిగితే నన్ను కూర్చోబెట్టి రొయ్యలు వడ్డించేరా అన్నయ్యగారూ?” ఆవిడ గొంతులో కోపం లేదు, బాధ ఉంది. “హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ పిల్లలు భయపడి నాతో ఒక్క నిజం చెప్పలేదు. రిటైరయ్యేక, కొడుక్కి పెళ్ళి చేసేక, నాకూ ఓ నలుగురు మనుషులు దొరికేరనుకున్నాను. మీరూ భయపడ్డమేనా?”

యాకోబు మాస్టారికి జీవితంలో మొదటిసారి ‘ఫర్వాలేదండీ’ నోట్లోంచి రాలేదు. “తప్పయిపోయింది అక్కయ్యగారూ” అన్నాడు తల వంచుకుని.

పుష్పలత కొంగు నడుముకి చుట్టి దోపింది. “అయితే ముందు ఆ మెయిన్ వెయ్యండి, నాకు ఉక్కపోస్తోంది. అమ్మాయ్, నేనేం చెయ్యాలో చెప్పు.”

ఆ మధ్యాహ్నం యాకోబు మాస్టారి పెరట్లో ఎవరూ ఎవరికీ మర్యాద చేయలేదు. బియ్యం డబ్బాలో పెడదామని హన్నమ్మ అంటే, తౌడంతా సందుల్లోకి పోతుందని బ్లెస్సీ కసిరింది. డాబా మీద ఎండబెడదామని పుష్పలత అంటే, ప్లాస్టిక్కు వంగిపోతుందండీ వద్దని ఆవిణ్ణీ కసిరింది. కసిరించుకుని పుష్పలత ఎందుకో తెగ సంబరపడిపోయింది. చివరికి నేతచీర పరిచి, భాగాలన్నీ వరసగా పేర్చి, టేబుల్ ఫ్యాను పెట్టారు. కోనసీమ గాలికి బట్టలే ఓ పట్టాన ఆరవు, కార్డులు ఆరడానికి ఎంతసేపు పడుతుందో ఎవరికి తెలుసు? సాయంత్రం ఆ ఫ్యాను కూడా ఆగింది. “కరెంటు పోయిందండీ” అన్నాడు మాస్టారు. ఎవరూ నమ్మలేదు. ఆయన వీధిలోకి తీసుకెళ్ళి ఎదురిల్లు చూపించాక నమ్మి, ఇన్వర్టరు వేశారు.

పుష్పలత పలివెల ప్రయాణం మానేసింది. “ఇది బతికేదాకా నేను కదలను” అంది. ఆదివారం ప్రార్థన గుడి నుంచి వచ్చాక బ్లెస్సీ అన్నీ బిగించింది. ఒక కార్డు కాలిన వాసన వేస్తోంది, దాన్ని పక్కన పెట్టేసింది. మాస్టారు ప్రార్థన చేశాడు. ఆయన ప్రార్థన ఎప్పుడూ పొడుగే, ఆ రోజు హార్డ్ డిస్కుని పేరు పెట్టి మరీ దీవించమన్నాడు. ఆమెన్ అనగానే బ్లెస్సీ బొత్తాం నొక్కింది.

ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. ఫ్యాను ఓ చుట్టు తిరిగి ఆలోచనలో పడింది. అంతలో డబ్బాలోంచి టిక్కుమని ఓ శబ్దం, ఆ తర్వాత తెర మీద వెలుగు. బ్లెస్సీ కెవ్వున అరిచి పుష్పలతని వాటేసుకుంది. ఆవిడ ఇంకా గట్టిగా అరిచింది.

సినిమా బతికే ఉంది. మధ్యలో ఆగిన పని పూర్తయ్యాక, అందరూ కుర్చీలు లాక్కుని చూశారు. వశిష్ఠ గోదారి దాటే పంటు మీద ఓ ముసలాయన, ఆయన మేక. అవతలి రేవు వచ్చినా మేక దిగనంటుంది. పంటు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, మేక పంటు మీదే ఉంటుంది. చివరికి జనమంతా తాడు పట్టుకుని లాగితే దిగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు.

“చాలా బాగుందమ్మా” అన్నాడు మాస్టారు. “చాలా బాగుంది” అంది హన్నమ్మ. ఊళ్ళో ఇంతవరకూ బ్లెస్సీ బొమ్మలు చూసినవాళ్ళందరూ ఆ మాటే అన్నారు.

పుష్పలత ఇంకా తెర వంకే చూస్తోంది.

“చెప్పండత్తయ్యగారూ” అంది బ్లెస్సీ.

“బాధపడవుగా? చివర బాలేదు.” ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “నా చిన్నప్పుడు మా అయ్య రైతుల మేకలు కాసేవాడు. ఆయన వెంట నేనూ వెళ్ళేదాన్ని. మేకని లాగితే రాదమ్మా. ఎంత లాగితే అంత వెనక్కి తన్నుద్ది. తాడు వదిలేసి, దాని మొహం చూడకుండా నీ దారిన నువ్వు నడు. అప్పుడు అదే పరిగెత్తుకుని వస్తది.”

హన్నమ్మ గాభరాగా కూతురి వంక చూసింది. బ్లెస్సీ మొహం మాత్రం విచ్చుకుంది. చివర్లో ఏదో కుదరలేదని ఆమెకీ తెలుసు, ఏమిటో తెలియక ఇన్నాళ్ళూ కొట్టుకుంటోంది. అప్పటికప్పుడు కంప్యూటరులో బొమ్మలు గీసే పెన్ను తీసుకుని కూర్చుంది. అన్నం కూడా పుష్పలతే కలిపి నోట్లో పెట్టింది, మేక కాళ్ళు ఎలా వేస్తుందో వసారాలో నడిచి చూపించింది. వాసన వేసిన కార్డు లేకపోవడంతో కంప్యూటరు నత్తలా నడిచింది గానీ, సోమవారం మధ్యాహ్నానికి పని పూర్తయింది.

మళ్ళీ అందరూ కూర్చున్నారు. లాగి లాగి అలిసిపోయిన ముసలాయన, తాడు గోదాట్లోకి విసిరేసి, పంటు దిగి ఇసకలో నడుచుకుంటూ పోతాడు. మేక అటు చూస్తుంది, ఇటు చూస్తుంది. ఒక్క గెంతు గెంతి ఆయన వెనక పడుతుంది.

పుష్పలత నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. “ఇప్పుడు బాగుంది” అంది.

ఆ ఇంట్లో అలాంటి మాటలు బ్లెస్సీ పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉంది. ఈ ఒక్క మాటనే నమ్మి, సినిమా పంపించేసింది.