రెండో సాక్షి

మామగారి పక్క దుప్పటి మార్చి, తడిసినదాన్ని బకెట్లో నానబెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి భోజనాల బల్ల మీద తెల్లకాగితాలు, పెన్ను సిద్ధంగా ఉన్నాయి. ఆ ఇంట్లో ముత్యాల్లాంటి దస్తూరీ ఆమె ఒక్కదానిదే. పెళ్లయిన ఇరవై ఆరేళ్లకి ఆ సంగతి ఇవాళ గుర్తొచ్చింది వాళ్లకి.

"నాన్నగారి వీలునామా. కొట్టివేతలు లేకుండా రాయి," అన్నాడు భర్త. లాయరు ఫీజు దండగని ఆఫీసులో ఎవరి దగ్గరో నమూనా ఒకటి సంపాదించుకొచ్చాడు. ఆయనగారి పొదుపెప్పుడూ ఇంతే. పనిమనిషిని మాన్పించినప్పుడూ ఇలాగే మిగిల్చాడు, భార్య నడుము విరిచి.

భర్త చెబుతూ ఉంటే ఆమె రాసింది. ఇంటి కింది భాగం చిన్నకొడుక్కి. మేడ పెద్దకొడుక్కి, అంటే ఆమె భర్తకి. ఇవి పోను మిగిలినదంతా మనవరాలి పేర ట్రస్టు. మనవరాలంటే ఆమె కూతురే. మిగిలేదేముంది గనక? ఓ పాత కారు, గోడగడియారం. "ఆడపిల్లకి ఆమాత్రం చాల్లే," అని నవ్వాడు భర్త.

మేడ అన్న మాట దగ్గర పెన్ను ఆగిపోయింది. రక్తపరీక్షల ల్యాబులో పంతొమ్మిదేళ్లు నిలబడి, కాళ్ల నరాలు ఉబ్బించుకుని, ఆ జీతంతో లేపిన గదులవి. ఒకే ఒక్కసారి, నా పేరు కూడా వేయిస్తారా అని అడిగింది. "ఇంట్లోకేగా పెట్టావు, వీధిలో పారబోశావా?" అన్నాడు భర్త. "నీకు మేం లేమూ?" అన్నారు మామగారు. ఆ మాటల్లో ఎక్కడైనా ప్రేమ ఉందేమోనని చాలా రోజులు వెతుక్కుంది, పిచ్చిది. ఇప్పుడు నాలుగు పేజీలు నిండాయి. ఎక్కడా ఆమె ఊసే లేదు. తన చేత్తో తనే తనను కొట్టేసుకున్నట్టనిపించింది.

"సాక్షులిద్దరు కావాలి. పక్కింటి టైలరు బాబాయ్ ఒకరు, నువ్వొకతెవి. వాటా ఉన్నవాళ్లు సాక్షిగా పనికిరారట. నీకు లేదుగా, సరిపోయింది," అన్నాడు భర్త.

సరిపోయిందట! ఎంత తేలిగ్గా అన్నాడో.

ల్యాబులో అలవాటు, చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టదు. నమూనా వెనక్కి తిప్పింది. అక్కడ చిన్న అక్షరాల్లో ఉంది: వాటా పొందేవారు గానీ, వారి భార్య లేదా భర్త గానీ సాక్షి సంతకం చేస్తే ఆ వాటా చెల్లదు, అది మిగిలిన ఆస్తిలో కలిసిపోతుంది. రెండుసార్లు చదివింది. మిగిలిన ఆస్తంటే ట్రస్టు. ట్రస్టంటే కూతురు.

"ఏమండీ, ఈ వెనక పేజీ చదివారా?"

"నీ తెలివితేటలు ల్యాబులో చూపించుకో. బాబాయ్ వచ్చే వేళయింది, టీ పెట్టు."

టీ పెట్టింది. వీపు వెనక మూడు దిండ్లు పెట్టి మామగారిని కూర్చోబెట్టింది. ఆయన వణుకుతూ సంతకం చేశారు. టైలరు కళ్లజోడు సర్దుకుని చేశాడు. పెన్ను ఆమె చేతికొచ్చింది. ఇప్పుడైనా చెప్పవచ్చు. ఈ ఇంట్లో అందరూ మరిచిపోయేవన్నీ ఇన్నేళ్లూ గుర్తుచేసింది తనే. మామగారు వేసుకోవలసిన మాత్ర, భర్త కట్టవలసిన కరెంటు బిల్లు, ఆఖరికి వాళ్ల పుట్టినరోజులు. చెబితే రేపు మరో సాక్షి వస్తాడు, మేడ భర్తదవుతుంది, ఆమె మళ్లీ బకెట్టు దగ్గరికి వెళుతుంది. ఆమెకు చాలా అలసటగా అనిపించింది.

"ఊఁ, కానియ్," అన్నాడు భర్త. "పేరు కింద నా భార్యవని కూడా రాయి. రేపు ఎవరూ ప్రశ్నించకుండా స్పష్టంగా ఉంటుంది."

ఆమె రాసింది. 'భార్య' అన్న మాట మరీ స్పష్టంగా రాసింది.