ఒంటరి మహిళ పింఛను

రత్తయ్య తిరిగొచ్చింది ఇరవయ్యెనిమిదో తారీకున. పదమూడేళ్ల తరవాత గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి చూడగానే మాణిక్యం మనసులో ముందు మెదిలింది ఆ తారీకే. ఇంకో మూడు రోజుల్లో ఒకటో తారీకు. వార్డు సచివాలయం అమ్మాయి పింఛను పట్టుకుని ఇంటికొస్తుంది. మాణిక్యానిది ఒంటరి మహిళ పింఛను.

మంగళగిరి బస్టాండులో దిగి, ఆటోకి డబ్బుల్లేక నేతవాళ్ల వీధి దాకా నడిచే వచ్చాడతను. సందు మొదట్లో రెండుసార్లు కూలబడ్డాడని ఎదురింటి రావమ్మ తరవాత చెప్పింది. చేతిలో బట్టల కొట్టు సంచి, అందులో రెండు లుంగీలు, ఒక కట్ట ఆస్పత్రి చీటీలు. ఒకప్పుడు మగ్గం గుంటలో కూర్చుంటే అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. నేతలో గిట్టుబాటు లేదని ఒంగోలు వైపు రాళ్ల పాలిషు పనికి వెళ్లి, అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. ఇప్పుడు ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మే ఉందన్నారట డాక్టర్లు. ఇక పనికి రాడని తేలాక ఆవిడ కొడుకులు బస్సెక్కించారు.

"నాలుగు రోజులుండి పోతానే" అన్నాడు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ.

ఎక్కడికి పోతాడో అతనికీ తెలీదు, ఆమెకీ తెలీదు. మాణిక్యం తిట్టలేదు. తిట్టడానికైనా ఓపిక ఉండాలి కదా. పొద్దుటినుంచి రాట్నం తిప్పి తిప్పి కుడి భుజం లాగేస్తోంది. కంచంలో అన్నం పెట్టి అతని ముందుకు జరిపి, మళ్లీ నూలు కండెలు చుట్టడానికి కూర్చుంది.

సాయంత్రం రావమ్మ వచ్చి గొంతు తగ్గించింది.

"జాలిపడి నీ నోట్లో నువ్వే మట్టి కొట్టుకుంటావా ఏంటి? మొగుడు ఇంట్లో ఉంటే ఒంటరిదానివెట్టా అవుతావు? అప్పుడు నిన్ను మొగుడు వదిలేశాడని సాక్షి సంతకం పెట్టింది నేను. రేపు నన్నూ అడుగుతారు."

"తెలుసు వదినా."

"తెలిస్తే పంపించెయ్."

మాణిక్యం నిండిన కండె తీసి ఇంకోటి పెట్టుకుంది. నెలనెలా వచ్చే ఆ నాలుగు వేలతోనే ఇంటద్దె, బీపీ మాత్రలు గడుస్తున్నాయి. కండెల కూలి తిండికే చాలదు.

ఒకటో తారీకు తెల్లవారుతుండగా రత్తయ్యని లేపింది.

"ఏమయ్యా, కాసేపు గుడి కాడ కూర్చుని రా. పింఛనమ్మాయి ఏడింటికల్లా వచ్చి పోద్ది."

ఎందుకని అతను అడగలేదు. గోడ పట్టుకుని లేచి, చెప్పుల్లో కాళ్లు దూర్చి, మెల్లగా వెళ్లాడు. సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడిందామె. బతికున్న మనిషిని దొంగసొత్తులా దాచాల్సి రావడం సిగ్గనిపించింది. ఆ సిగ్గు తనదో, అతనిదో తేల్చుకోలేకపోయింది.

ఏడింటికి శాలిని రాలేదు. సచివాలయంలో చేరి ఏడాదైన పిల్ల, ఎప్పుడూ వేళ తప్పదు. సర్వర్ పని చెయ్యట్లేదని వీధిలో అనుకున్నారు. తొమ్మిదయింది, పదయింది. ఎండ ముదిరింది. అతను టీ కూడా తాగలేదన్న సంగతి మాణిక్యానికి అప్పుడు గుర్తొచ్చింది.

పదకొండింటికి చెమటలు కక్కుకుంటూ వచ్చింది శాలిని. మెషీన్ మీద మాణిక్యం వేలిముద్ర పడలేదు; నూలు జారి జారి వేళ్లు నున్నగా అరిగిపోయాయి. చివరికి ఫోన్లో ముఖం చూపిస్తే తీసుకుంది. శాలిని నోట్లు చేతిలో పెడుతుండగానే గుమ్మం ముందు ఆటో ఆగింది.

"మాణిక్యం గారిల్లు ఇదేనాండీ? ఈయన గుడి కాడ పడిపోయాడు. ఇక్కడికి తీసుకెళ్లమన్నాడు" అంటూ ఆటో అతను రత్తయ్యని పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాడు.

శాలిని అతన్నీ, ఆమెనీ మార్చి మార్చి చూసింది. "ఎవరు పిన్నిగారూ ఈయన?"

మాణిక్యం కంటే ముందు రత్తయ్యే జవాబు చెప్పాడు. "ఎవర్నీ కాదమ్మా. దారిన పోయేవాణ్ణి."

"మా వాళ్లకి దూరపు చుట్టంలే" అని ఎదురరుగు మీంచి రావమ్మ అందుకుంది.

ఇక మాణిక్యం ఊ అంటే సరిపోయేది. మొగుడు వదిలేశాడన్న మాట ఈ పదమూడేళ్లలో ఎన్ని ఆఫీసుల్లో, ఎంతమంది ముందు చెప్పిందో లెక్కలేదు. అది నిజం కాబట్టి చెప్పగలిగింది. ఇప్పుడు ఈ ఒక్క అబద్ధం చెబితే వచ్చే నెల మళ్లీ చెప్పాలి. నెలనెలా ఈ ఆయాసపు మనిషిని తెల్లారకుండానే లేపి ఎండలోకి తోలాలి. తలుచుకుంటేనే నీరసం వచ్చింది.

"నా మొగుడేనమ్మా. మొన్ననే వచ్చాడు" అంది.

రావమ్మ నెత్తి కొట్టుకుంది. శాలిని ముఖం వాడిపోయింది.

"నాకెందుకు చెప్పారు పిన్నిగారూ? చుట్టమంటే నమ్మేదాన్ని కదా. చెప్పాక రాయకపోతే నా ఉద్యోగం మీదికొస్తుంది."

"రాసుకో తల్లీ. నిన్ను అనేదేముంది?"

శాలిని ట్యాబ్‌లో రాసుకుంది. "ఈ నెలది ఇచ్చేశాను, ఉంచుకోండి. ఆయనకి అరవై నిండితే ముసలివాళ్ల పింఛనుకి పెడదాం. ఆధార్ ఉందా?"

రత్తయ్య సంచి అడుగున వెతికి కార్డు తీశాడు. శాలిని చూసి, పెదవి కొరుక్కుంది.

"ఇందులో యాభై ఏడేనండీ."

"నాకు అరవై రెండమ్మా. ఎవరో అప్పుడట్టా రాసుకున్నారు" అన్నాడతను. నవ్వబోతే దగ్గొచ్చింది.

మరుసటి నెల ఒకటో తారీకున శాలిని ఆ గుమ్మం దాటి పక్కింటికి వెళ్లింది. "బాగున్నారా పిన్నిగారూ" అని వీధిలోంచే పలకరించింది, ఆగలేదు. మాణిక్యం ఇంకో షావుకారు దగ్గర కూడా కండెలు ఒప్పుకుంది. ఊపిరితిత్తుల జబ్బుకి, పింఛనుకి పనికొచ్చే సర్టిఫికెట్ ఏమైనా ఇస్తారేమోనని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, నాలుగు నెలల తరవాత రమ్మని చీటీ రాసిచ్చారు.

ఒక మధ్యాహ్నం రత్తయ్య గోడకి ఆనుకుని, ఒళ్లో పోసుకున్న నూలు చిక్కు తీస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "నేను పోతే నీ పింఛను మళ్లీ ఇస్తారేమో, కనుక్కోరాదటే."

మాణిక్యం రాట్నం ఆపలేదు.

"ఏడాది పాటు వేరుగా ఉన్నట్టు రుజువు కావాలంట. మొన్నే కనుక్కున్నాను."

అతను తల పైకెత్తి ఆమెని చూశాడు. తరవాత మళ్లీ చిక్కు తియ్యడంలో పడ్డాడు.