మంచుగట్టుకు పేరు

తెనాలిలో ఇంట్లో కుక్క ఈనినా ఫ్లెక్సీ కట్టిస్తారని బసవేశ్వరరావు ఏళ్ల తరబడి వెక్కిరించాడు. అలాంటి మనిషి చివరికి తనే ఒకటి కట్టించాడు. బస్టాండు ఎదురుగా, పన్నెండు అడుగులది. ఒక పక్క కూతురు బిందుమాధవి ఫొటో, ఇంకో పక్క నమస్కారం పెడుతూ తన ఫొటో, మధ్యలో తెల్లటి కొండ. కింద ఎర్రటి అక్షరాలు: ‘దక్షిణ ధ్రువ ఖండంలో అమృతలూరు గట్టు! మా ఊరి పేరును ప్రపంచ పటమెక్కించిన బిడ్డకు అభినందనలు.’

చిక్కల్లా ఒక్కటే. ఆ గట్టుకు ఆ పేరు ఇంకా ఎవరూ పెట్టలేదు.

బిందుమాధవి భూగర్భ శాస్త్రవేత్త. మనకు చలికాలం, అక్కడ వేసవి అయిన మూడు నెలలూ అంటార్కిటికాలో గడిపి వచ్చింది. వస్తూనే భోజనాల బల్ల మీద పటం పరిచి తండ్రికి చూపించింది. దక్షిణాన కనుచూపు మేరా మంచు మైదానం, మన మాగాణి లాగే చదును. అది వచ్చీ వచ్చీ ఒకచోట ఠక్కున తెగిపోతుంది. అక్కడి నుంచి నాలుగు వందల మీటర్ల లోతుకు నల్లరాతి గోడ. ముప్ఫై కిలోమీటర్ల పొడవున ఆ గోడే. కింద గాలి పోగేసిన మెత్తటి మంచు, ఆ మంచు కప్పేసిన పగుళ్లు. పైకెక్కాలంటే పడమటి కొసన ఒక్కటే వాలు దారి.

బసవేశ్వరరావు పుట్టి పెరిగిన అమృతలూరు నేల మీద కాలవ గట్టు కంటే ఎత్తైనది లేదు. ఆ పటం చూసిన దగ్గర్నుంచి ఆయనకు అన్నం సహించలేదు. ఎంత గొప్ప గోడ! దానికింకా పేరే లేదట. కొలిచి పటం గీసినవాళ్లు ఒక పేరు సూచించవచ్చట, సోమవారం లోగా ఫారం పంపాలట. అమృతలూరు అని పెట్టమ్మా అన్నాడాయన. కూతురు నవ్వింది. ఆ నవ్వును ఆయన అవుననుకున్నాడు. తమ్ముళ్లకు ఫోన్లు చేశాడు, ఫ్లెక్సీ కొట్టించాడు.

శనివారం పని మీద బాపట్ల వెళ్లొచ్చిన బిందుమాధవి బస్సు దిగుతూనే ఫ్లెక్సీలో తన మొహం తనే చూసుకుంది. ఇంటికొచ్చి కోప్పడలేదు గాని, విషయం తేల్చి చెప్పింది. తను ఆ గట్టుకు జకరయ్య పేరు పెడదామనుకుంటోంది. జకరయ్య వాళ్ల బృందంలో మంచుబండ్ల మెకానిక్కు, సొంతూరు రేపల్లె దగ్గర. బతికున్నవాళ్ల పేర్లు పెట్టకూడదని నియమం ఉంది కాబట్టి ఏం చేద్దామో అతన్నే అడగడానికి రేపు వాళ్లింటికి వెళుతోంది. నేనూ వస్తానన్నాడు తండ్రి. మెకానిక్కు మంచివాడైతే అమృతలూరు అనే మాటకు అడ్డు చెప్పడని ఆయన ధీమా.

జకరయ్య అప్పుడే చర్చి నుంచి వచ్చి తెల్లచొక్కాతో ఉన్నాడు. సముద్రపు పాయ ఒడ్డునే ఇల్లు, అవతల మడచెట్లు. మాటల్లో ఆ రోజు సంగతి వచ్చింది. గోడ కింద బండి బాగుచెయ్యడానికి వీల్లేకుండా ఆగిపోయింది. రేడియో పలకలేదు. పడమటి కొస దాకా పదకొండు కిలోమీటర్లు నలుగురూ నడవాలి. గుర్తు జెండాలు కట్టే వెదురు గెడ ఒకటి తీసుకుని జకరయ్య ముందు నడిచాడు. అడుగడుగుకీ పొడిచి చూసి, పద్నాలుగు గంటలు. కింద ఖాళీ ఉందని మూడుచోట్ల అందరినీ ఆపాడు.

కూతురు ఇంత జరిగిందని తండ్రికి చెప్పలేదు. భయపడ్డ మనిషి కదా, ఏదో ఒకటి తేలిక చేసి మాట్లాడాలనిపించింది. మంచైనా బురదైనా నడవడం ఏముంది, నేను పుట్టిందే బురదలో అంటూ పంచె ఎగ్గట్టి పాయ అంచు బురదలోకి దిగాడు. డెల్టా రైతుకు బురదంటే భయమేంటి? రెండడుగులు బాగానే పడ్డాయి. మూడోదానికి తొడల దాకా దిగిపోయాడు. కాలు లాగితే రెండోది ఇంకా లోపలికి పోయింది.

జకరయ్య ఇంటి గోడకు చేరవేసి ఉన్న వెదురు గెడ అందుకుని పరుగున వచ్చి అడ్డంగా పడేశాడు.

“కదలకండి సార్. ముందుకు వాలి దాని మీద పడుకోండి. నేను లాగుతా.”

ఒడ్డున పడ్డాక బసవేశ్వరరావు చాలాసేపు రొప్పాడు. జకరయ్య ఆయన కాళ్ల మీద నీళ్లు పోస్తూ నెమ్మదిగా చెప్పాడు.

“మీ మాగాణి బురదకి అడుగున గట్టి నేల ఉంటదండి. దీనికి లేదు. అక్కడి మంచుకీ లేదండి.”

“నీకెవరు నేర్పారయ్యా ఇది?”

“మా అమ్మండి. పీతలు పట్టేది. ఏడేళ్లప్పుడు నన్ను వెంటబెట్టుకు పోయి, గెడ చెప్పేదాకా కాలు తియ్యొద్దనేది. అమ్మ చనిపోయి ఎనిమిదేళ్లయింది. మేడమ్ గారేమో నా పేరు అంటున్నారు. ఆ నడక నాది కాదండి.”

బసవేశ్వరరావు కూతురి వైపు చూశాడు. ఎదురుగా నిలబడి ఉంది, నిక్షేపంలా. పీతలు పట్టుకునే ఒక మనిషి ఎప్పుడో కొడుక్కి నేర్పిన నడక తన బిడ్డను ఇంటికి చేర్చింది. ఆయన కళ్లు తుడుచుకోలేదు, చేతులు బురదగా ఉన్నాయి.

“మీ అమ్మగారి పేరు చెబుతారా?” అన్నాడు. అంతదాకా నువ్వన్న నోరు అప్పుడు మీరంది.

“సారా అండి.”

“బిందూ, ఫారం తియ్యమ్మా.”

ఫారంలో ఒక గడి దగ్గర బిందుమాధవి ఆగింది. ఈ వ్యక్తికి అంటార్కిటికాతో గల సంబంధం ఏమిటి అని ఉంది. తండ్రి చెబుతుంటే రాసింది: ‘ఈమె నేర్పిన నడకతో నలుగురు మనుషులు ఆ గట్టు కింద నుంచి ప్రాణాలతో తిరిగి వచ్చారు.’ ఆ తర్వాతి వాక్యం ఎవరూ చెప్పకుండానే రాసింది: ‘వారిలో నేను ఒకదాన్ని.’

మర్నాడు బసవేశ్వరరావు దగ్గరుండి ఫ్లెక్సీ దింపించాడు. తమ్ముళ్లు ఏడిపించారు. పడ్డాడు. ఈసారి మాత్రం తొందరపడలేదు, కబురు వచ్చేదాకా అయిదు నెలలు నోరు మెదపకుండా కూర్చున్నాడు. సారా గట్టు అని ఖరారైనట్టు ఉత్తరం వచ్చిన రోజునే ఫ్లెక్సీల రంగనాయకులు కొట్టుకు వెళ్లాడు. ఆమె ఫొటో ఒక్కటీ దొరకలేదు, బతికుండగా ఎవరూ తీయలేదు. మొహం లేకుండా ఫ్లెక్సీ ఏంటండి, పోనీ మీ ఫొటో వెయ్యమంటారా అని అడిగాడు రంగనాయకులు. వద్దన్నాడాయన. జకరయ్య ఇంటి గోడకు చేరవేసిన వెదురు గెడ ఫొటో ఇచ్చి, కింద సారా గట్టు అని రాయమన్నాడు.

చూడటానికి జకరయ్య రేపల్లె నుంచి బస్సులో వచ్చాడు. బస్టాండు రొదలో దాని కింద చాలాసేపు నిలబడ్డాడు. బసవేశ్వరరావు పక్కనే ఉన్నాడు.

“మా అమ్మ తెనాలి ఎప్పుడూ రాలేదండి,” అన్నాడు జకరయ్య.