ఇటుకల మీది బీరువా

అడగకముందే జవాబు చెప్పేవాళ్ళని నేను నమ్మను. ఆ ఆదివారం మా బావగారు ఇల్లు చూపించడానికి మమ్మల్ని పిలిచి, గుమ్మంలోనే మొదలుపెట్టారు.

"సముద్రం దగ్గరే గానీ, ఈ వీధిలోకి నీళ్ళు రావడం నేనెప్పుడూ చూళ్ళేదమ్మా."

నీళ్ళ సంగతి నేను ఎత్తనే లేదు. అప్పటికి చెప్పులు కూడా విప్పలేదు.

ఆ ఇల్లు మనమే కొనాలని మా ఆయన పట్టుదల. అన్నయ్య అమ్ముతుంటే బయటివాళ్ళ పాలెందుకు కావాలంటాడు. మేముంటున్న చిన్న ఇల్లు అమ్మేసి, ఉన్నదంతా ఊడ్చి ఇందులో పెట్టాలి. తేడా వస్తే వెనక్కి వెళ్ళడానికి మాకు ఇంకో గుమ్మం ఉండదు. ఆ మాట అంటే, "సొంత అన్నయ్య దగ్గర కూడా నీ డిటెక్టివ్ వేషాలేనా" అని విసుక్కున్నాడు. ఆయనకి వాళ్ళన్నయ్య మాట వేదవాక్కు. నేనేమో మా అమ్మ చెప్పినదాన్ని కూడా మా పిన్నిని అడిగి సరిచూసుకునే రకాన్ని.

అసలు ఇల్లెందుకు అమ్ముతున్నారంటే మోకాళ్ళ నొప్పులన్నారు బావగారు. ఇంత ఇల్లు తిరగలేకపోతున్నారట. వెళ్ళేది మాత్రం మూడో అంతస్తులో ఫ్లాటుకి. నేను ముఖం అదోలా పెట్టానేమో, "లిఫ్టుందమ్మా" అన్నారు వెంటనే.

గదులు తిరిగి చూస్తుంటే నా కళ్ళు ఊరుకోలేదు. గోడలకి నడుము ఎత్తు వరకు కొత్త రంగు, ఆ పైన పాతది. తలుపుల అడుగున జానెడు మేర వేరే చెక్క అతికించి ఉంది. అదేంటంటే చెదలన్నారు. ఫ్రిజ్ ప్లగ్గు నా తల కంటే ఎత్తున ఉంది. పిల్లలు చిన్నప్పుడు వేళ్ళు పెట్టేవారన్నారు. ఆ పిల్లలకి పెళ్ళిళ్ళై ఎవరి కాపురాలు వాళ్ళు చేసుకుంటున్నారు, ప్లగ్గు మాత్రం కిందికి దిగలేదు. పడకగదిలో ఇనప బీరువా నాలుగు వరసల ఇటుకల మీద నిలబడి ఉంది.

"చీమలమ్మా" అన్నారు బావగారు.

ఇనుము తినే చీమల గురించి నేను వినలేదు. మా ఆయన మాత్రం తల ఊపాడు.

హాల్లో కూర్చున్నాక, ముందురోజు బీమా ఆయనతో మాట్లాడిన సంగతి బయటపెట్టాను. వాళ్ళ కంపెనీ మామూలు ఇంటి బీమా ఉంటే కప్పు కారితే ఇస్తారట గానీ, వరద నీళ్ళు ఇంట్లోకి వస్తే పైసా ఇవ్వరట. దానికి వరద బీమా విడిగా తీసుకోవాలి. అదీ తీసుకున్న నెల తర్వాతే అమల్లోకి వస్తుంది. వాళ్ళ మ్యాపులో ఈ వీధి వరద ముప్పు చూపించే ఎర్రరంగులో ఉందని కూడా ఆయన చెప్పాడు. ఇదివరకు నీళ్ళొచ్చాయో లేదో ఇల్లుగలాయన్ని అడిగి నిజం చెప్పమన్నాడు.

"భయపెడితేనే కదా వాళ్ళ వ్యాపారం సాగేది. నేనింతవరకూ ఆ వరద బీమా మొహం చూళ్ళేదు. దండగ" అన్నారు బావగారు.

"అయితే ఇంతవరకూ నీళ్ళు రాలేదని రాసిస్తారా బావగారూ? ఆయనకి చూపిస్తాను."

మా ఆయన నావైపు చూసిన చూపుకి పాలు విరిగిపోవాలి. బావగారు నవ్వారు గానీ ఆ నవ్వు కళ్ళ దాకా పోలేదు.

"మన మన మధ్య కాగితాలేంటమ్మా."

నాకు అందరికంటే ఎక్కువ అనుమానం మా తోడికోడలి మీద. ఆవిడ పొద్దుట్నుంచి నోరు విప్పలేదు. ఏదడిగినా ముందు మొగుడి ముఖం చూసి, ఆ తర్వాత జవాబు చెబుతోంది. వంటింట్లో ఒంటరిగా దొరికినప్పుడు పట్టుకున్నాను.

"అక్కా, ఇక్కడ వానాకాలం ఎలా ఉంటుంది?"

"వానలు పడతాయి" అంది.

ఇద్దరూ కూడబలుక్కున్నారనుకున్నాను. వంటింటి మూల అట్టపెట్టెల్లో గిన్నెలు అప్పుడే సర్దేసి, తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. అడ్వాన్సు చేతిలో పడకముందే మూట కట్టేశారంటే, మా నెత్తిన రుద్దేసి పారిపోయే తొందర కాక మరేమిటి? నాకు ఒళ్ళు మండింది.

భోజనాలయ్యాయి. బావగారు పడక కుర్చీలో వాలి అలాగే నిద్రపోయారు. మా ఆయన అడ్వాన్సు చెక్కు జేబులోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అన్నయ్య లేవగానే ఇచ్చేద్దాం. నువ్వింక ఏం మాట్లాడకు."

మాట్లాడడానికి నా దగ్గర మాత్రం ఏముంది? కొత్త రంగు, పాత ఇటుకలు. వాటిని పట్టుకుని అన్నదమ్ముల మధ్య ఎంతసేపని వాదించను?

తోడికోడలు టీ కప్పులు మా చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్ళింది. మోటారు స్విచ్చి వేసిన చప్పుడు వినిపించింది. అదేం విడ్డూరమో నాకర్థం కాలేదు. పొద్దున మేం వచ్చిన కాసేపటికే ఆవిడ ట్యాంకు నింపి, నిండగానే మోటారు ఆపేసింది. తర్వాత అంతగా వాడిందేమీ లేదు.

కాసేపటికి ట్యాంకు పొంగింది. నీళ్ళు ధారగా హాలు కిటికీ మీది రేకు మీద పడడం మొదలైంది. కళ్ళు మూసుకుని వింటే అచ్చం జడివాన.

బావగారు కుర్చీలోంచి లేచారు. కళ్ళు సగమే తెరుచుకున్నాయి. తిన్నగా వెళ్ళి ఫ్రిజ్ ప్లగ్గు పీకారు. కింద పరిచిన చాప చుట్టి అటక మీదికి విసిరారు. గుమ్మం దగ్గర చెప్పులన్నీ, నావి కూడా, ఒక్క ఊపున కిటికీ గట్టు మీద పెట్టారు. మోకాళ్ళ నొప్పులు ఏమైపోయాయో గానీ వంగి ఫ్రిజ్ అడుగున చేతులు పెట్టారు.

"ఒరేయ్, అలా చూస్తావేం, అటువైపు పట్టు. బల్ల మీదికి ఎక్కించాలి. వీధి కాలవ ఎదురుతన్నిందంటే మంచాలు కూడా ఎత్తే టైముండదు."

మా ఆయన అలవాటుకొద్దీ లేచి ఫ్రిజ్ రెండో వైపు పట్టుకున్నాడు. పట్టుకున్నాక కిటికీ వైపు చూశాడు. బయట ఎండ మండిపోతోంది. బావగారు కూడా అటే చూశారు. అన్నదమ్ములిద్దరూ ఫ్రిజ్‌ని చెరోవైపు పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"ఎన్నిసార్లు వచ్చాయన్నయ్యా?" అన్నాడు మా ఆయన.

బావగారు ఫ్రిజ్ మెల్లగా దించారు.

"మూడుసార్లురా. బీమా లేదు. మూడుసార్లూ అంతా కొత్తగా కొనుక్కున్నాం. ఇంక నా వల్ల కాదు."

"నా వల్ల అవుతుందనుకున్నావా?"

మా ఆయన చెక్కు జేబులో పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నేననుకున్నదే నిజమైనందుకు నాకు సంతోషం కలగలేదు. మా ఆయన అలా వీపు తిప్పి నిలబడడం అంతకుముందు చూడలేదు, జాలేసింది.

కిటికీ మీద ధార ఇంకా పడుతూనే ఉంది. ఆపుదామని వంటింట్లోకి వెళ్ళాను. తోడికోడలు స్విచ్చి మీద వేలు పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూశాకే ఆపింది.

"ట్యాంకు పొద్దునే నిండింది కదక్కా."

"నిండింది. ఆయన నిద్రలో ఆ చప్పుడు వింటే ఇంతే. ఇన్నేళ్ళుగా చూస్తున్నా."

"నాతో ఒక్క మాట చెబితే పోయేది కదా."

"చెబితే నమ్మేదానివా?"

నమ్మేదాన్ని కాదు. ఈవిడకి ఇల్లు మనకివ్వడం ఇష్టం లేదని ఆ రాత్రే మా ఆయనతో అనేదాన్ని. ఆయన అదే మాట వాళ్ళన్నయ్యతో అనేవాడు. నాకు సిగ్గేసింది.

ఆవిడ మూలకి వెళ్ళి, కింద కూర్చుని, అట్టపెట్టెకి కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టింది.

"మరి ఆ మూడో అంతస్తు?" అన్నాను.

"ఇది అమ్మితేనే కదా అది" అంది. గిన్నెలు ఒక్కొక్కటే తీసి అన్నిటికంటే పై అరలో పెట్టింది. తర్వాత చెయ్యి తుడుచుకుని, "ఆ బీమా ఆయన నంబరు చెప్పు. ఈసారి మా ఆయన్ని అడగను, నేనే తీసుకుంటా" అంది.

"నెల దాకా అది పనిచెయ్యదక్కా. వానలు ముందే మొదలైతే?"

"ముందు నంబరు చెప్పు."

గూట్లోంచి పెన్సిలు తీసింది. నేను ఒక్కో అంకే చెబుతుంటే, మునివేళ్ళ మీద లేచి, గోడ మీద చెయ్యి అందినంత ఎత్తున రాసుకుంది.