రెండు మెట్లు దించి

ఆదివారం పొద్దున నల్ల చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. నాలుగు చొక్కాలు. ఒకటి మా ఆయన గ్లెన్‌ది, ఒకటి మా మరిది కార్ల్‌ది, ఒకటి ట్రెవర్‌ది, నాలుగోది నాది. కార్ల్‌కి పెళ్ళాం ఉంది. ట్రెవర్‌కి ఇస్త్రీపెట్టె ఉంది. అయినా ఇరవై ఏళ్ళుగా ఆ చొక్కాలు మా ఇంటికే వస్తాయి, చెమటకంపుతో వచ్చి మడతలతో పోతాయి. బ్యాండంటే అందరూ ఒకేలా కనబడాలి కదా బెవ్ అని మొదట్లో ఎవరో అన్నారు. ఒకేలా కనబడటం అనే ఆ పని నా నెత్తిన పడింది.

గ్లెన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని సాయంత్రానికి పాటల చీటీ రాస్తున్నాడు. మోచెయ్యి అడ్డం పెట్టుకుని, పరీక్షలో పక్కవాడికి చూపించని పిల్లాడిలా.

"నా పాట రాశావా?" అన్నాను.

"రాస్తున్నాగా."

"ఎన్నోది?"

"మధ్యలో ఎక్కడో. టీ ఉందా?"

టీ ఉంది. ఎప్పుడు లేదు కనక.

మా ఊరు బర్న్‌లీ చుట్టుపక్కల పబ్బుల్లో మా బ్యాండ్ తెలియనివాళ్ళు తక్కువ. సొంత పాటలు కావు, ఎవరెవరో ఎప్పుడో పాడిన పాటలే, జనం గ్లాసులెత్తి మాతోపాటు అరిచేవి. గ్లెన్ పాడతాడు, గిటార్ గీకుతాడు. ట్రెవర్ అసలు గిటార్. కార్ల్ డ్రమ్ములు. నేను బేస్, మామూలు గిటార్‌కి ఆరు తీగలైతే దీనికి నాలుగు, మోత లోతుగా ఉంటుంది. బేస్ నేను కోరి పట్టుకున్నది కాదు. అంతకుముందున్నవాడు గ్లెన్‌తో గొడవపడి పోయాడు, పోతే రెండువారాల్లో కార్యక్రమం ఉంది. గ్లెన్ ఆ గిటార్ తెచ్చి నా ఒళ్ళో పడేసి, "నాలుగే తీగలు బెవ్, నీక్కూడా వచ్చేస్తుంది" అన్నాడు. నీక్కూడా. ఆ మాట ఇంకా నా చెవిలో ఉంది. పగలు బడిలో రెండొందలమంది పిల్లలకి గుజ్జు బంగాళాదుంపలు వడ్డించి, ఇంటికొచ్చి వేళ్ళు పొక్కులెక్కేదాకా నేర్చుకున్నాను. వచ్చింది. వచ్చిందని నాకు తెలుసు, కార్ల్‌కి తెలుసు, ఎందుకంటే డ్రమ్ములవాడు నిలబడేది నా మీదే. పబ్బులో మొగాళ్ళు మాత్రం, "నాలుగేనా, మిగతా రెండు తీగలూ మీ ఆయన లాక్కున్నాడా?" అంటారు. ప్రతి ఊళ్ళోనూ ఎవడో ఒకడు అంటాడు, తనకే కొత్తగా తోచినట్టు. నేను ప్రతిసారీ నవ్వాను. తిట్టుకునేదల్లా ఆ నవ్వులకే, నన్ను నేను.

ఇక పాటలు ఎంచుకోవడం. మంగళవారం మంగళవారం మా కారుషెడ్డులో సాధన, అక్కడే ఓట్లు. ఎవరైనా ఒక పాట చెబుతారు, చేతులెత్తుతారు, ఎక్కువ చేతులొస్తే నేర్చుకుంటాం. వినడానికి ఎంత ధర్మంగా ఉంది. కానీ మొదటి ఏడాదే ట్రెవర్ ఒక సూత్రం పెట్టాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకవైపే చేతులెత్తితే మిగతావాళ్ళ గతేం కాను, అందుకని గ్లెన్-బెవ్ కలిపి ఒక ఓటు. గ్లెన్ పెద్దమనసుతో ఒప్పుకున్నాడు. మా ఒక ఓటు ఎవరి చేతితో లేస్తుందో చెప్పాలా? గ్లెన్, కార్ల్ ఒక కడుపున పుట్టినవాళ్ళు, వాళ్ళకి మాత్రం చెరొక ఓటు. ఇదేంటని నేనడిగితే, "అన్నదమ్ములు వేరు బెవ్, వాళ్ళు కొట్టుకుంటారు" అన్నాడు ట్రెవర్. మేం కొట్టుకోమని అతనికి ఎవరు చెప్పారో.

అలా ఓట్లేసి తెచ్చిన పాటల్లో సగం, ఒదిలేసి పోయిన ఆడదాన్ని తిట్టేవి. మిగతా సగం పదహారేళ్ళ పిల్ల నడుము గురించి. యాభైతొమ్మిదేళ్ళ మొగుడు, రోజంతా ఇళ్ళల్లో కార్పెట్లు పరిచి మోకాళ్ళు పట్టేసినవాడు, కళ్ళుమూసుకుని ఆ పిల్ల నడుము గురించి పాడుతుంటే, కింద ఆ పాటని వీపు మీద మోసేది నేను. ఒక్కోసారి వాయిస్తూ వాయిస్తూ రేపటి సరుకులు అనుకుంటాను. లేకపోతే ఒళ్ళు మండిపోతుంది.

నేనడిగింది ఒక్కటే పాట. నాకు పదిహేడేళ్ళప్పుడు, చెక్కనేల మీద పౌడరు జల్లుకుని తెల్లారేదాకా డాన్సులాడే హాళ్ళుండేవి. అక్కడ ఒక రికార్డు వేసేవారు. అమెరికాలో ఎవరూ పట్టించుకోని నల్లజాతి అమ్మాయి ఒకతె పాడింది, అక్కడ పది కాపీలు కూడా పోలేదట, మా ఊళ్ళో అది పెడితే గోడలు కదిలేవి. అది బేస్‌తో మొదలవుతుంది. ఎనిమిది చుట్లు బేస్ ఒక్కటే, ఇంకేమీ లేదు. ఆ తరవాత ఆ పిల్ల గొంతు పైనుంచి దిగుతుంది. ఇన్నేళ్ళలో నేను ఆ పాట అడిగినప్పుడల్లా చూద్దాం అన్నారు. "బేస్ ఒక్కటే మోగితే నా గిటార్ తీగ తెగిందనుకుంటారు జనం" అన్నాడు ట్రెవర్. గ్లెన్ అయితే, "ఆ పాట పెట్టావంటే అందరూ ఉచ్చకి లేస్తారు" అన్నాడు. మా అత్త డోరీన్ పక్కనే కూర్చుని అల్లుకుంటూ, "ఆడగొంతుకి ఒక్కసారి చోటిస్తే ఇక కూర్చోదు నాయనా" అంది. నవ్వుతూనే అంది. ఆవిడ అన్నీ నవ్వుతూనే అంటుంది.

బ్యాండ్‌కి ఇరవై ఏళ్ళు నిండుతున్నాయని, ఈ ఆదివారం నలుగురూ తలా ఒక పాట ఎంచుకోవాలని కార్ల్ అన్నాడు. ఓట్లు లేకుండా. అలా నా పాటకి దారి దొరికింది. పోయిన మంగళవారం మొదటిసారి పాడి చూపించాను. పాడుతుంటేనే తెలిసింది, గొంతు లేవడం లేదు. మాటలన్నీ కిందనే బరువుగా పడిపోతున్నాయి.

"బావిలోంచి వస్తున్నట్టుంది బెవ్" అన్నాడు గ్లెన్. "నీ మంచికే చెబుతున్నా. ఎవరి గొంతు ఎంతో వాళ్ళకి తెలిసుండాలి. సర్లే, ఒక్కసారికి పాడేద్దువుగాని."

ఎందుకు బావిలో ఉందో నాకు తెలుసు. ఆ బావి తవ్వింది నేనే.

ఆరేళ్ళ కిందట ఒక పెళ్ళిలో, గ్లెన్ గొంతు పెద్ద పాటలో పైకెళ్ళి చీలిపోయింది. పెళ్ళికూతురు నవ్వింది. ఇంటికొచ్చి స్నానాలతొట్లో నీళ్ళు చల్లారేదాకా కూర్చున్నాడు. నాకు జాలేసింది. జాలి ఎంత పని చేయిస్తుందో చూడండి. కార్యక్రమమైనా సాధనైనా ముందు అందరి గిటార్లూ శ్రుతి చేసేది నేనే, మొగాళ్ళు బార్ దగ్గరో టీ దగ్గరో ఉంటారు. ట్యూనర్ అని చిన్న పెట్టె ఉంటుంది, తీగ సరిగ్గా ఉంటే పచ్చదీపం వెలుగుతుంది. దాంట్లో ఒక మీట ఉంది. అది నొక్కితే తీగ అర మెట్టు కింద ఉన్నా పచ్చదీపమే చూపిస్తుంది. తరవాతి వారం నొక్కాను. వేళ్ళు ఎప్పటి చోటే, పాట మాత్రం కిందకి దిగింది. గ్లెన్‌కి పైన నోట్ అందింది. రెండేళ్ళకి అదీ అందకపోతే ఇంకోసారి నొక్కాను. ట్రెవర్‌కి వెంటనే తెలిసిపోయింది. "తీగలు వదులుగా ఉన్నాయే బెవ్" అన్నాడు. "ఉండనీ" అన్నాను. ఉండనిచ్చాడు.

గ్లెన్‌కి తెలియదు. గిటార్ నేను చేతికిస్తే వాయిస్తాడు, దించితే వదిలేస్తాడు. ప్రతి పబ్బులోనూ, "పాతికేళ్ళప్పటి గొంతు, ఒక్క మెట్టు దిగలేదు" అని చెప్పుకుంటాడు. నేను పక్కనే నిలబడి నా తీగలు చూసుకుంటాను.

నాగలి బొమ్మ బోర్డున్న పబ్బుకి మధ్యాహ్నం మూడింటికి చేరాం. పబ్బు నడిపే షీలా తలుపు తీసి, "నీ పాట ఉందటగా తల్లీ? ఆ హాళ్ళకి నేనూ వచ్చేదాన్ని, పది పన్నెండుమందికి ఫోన్లు చేశా" అంది. ఆ పది పన్నెండుమందీ ముందే వచ్చేసి కిటికీ పక్క బల్లల దగ్గర కూర్చున్నారు, అందరూ నా వయసువాళ్ళే. మొగాళ్ళు పెట్టెలు దించి బార్ దగ్గరికి పోయారు. నేను గిటార్లు ముందేసుకుని కూర్చున్నాను. గ్లెన్ గిటార్ సంచిలో పాటల చీటీ కనబడింది.

ఆరో పాట కార్ల్‌ది. ఎనిమిదోది ట్రెవర్‌ది. ఏడో చోట, పెద్ద అక్షరాలతో: విరామం. పక్కన చిన్నగా: బెవ్ – పైలు, బఠాణీలు.

చీటీ రెండుసార్లు చదివాను. షీలా ఇంటర్వెల్‌లో అందరికీ పెట్టే, పిండిలో మాంసం కూరి కాల్చిన పైలు, బఠాణీల గుజ్జు. అవి పంచడం నా పాట.

ట్యూనర్ ఒళ్ళో ఉంది. రెండు నొక్కుళ్ళు, అంతే, మళ్ళీ అసలు శ్రుతికి పోతుంది. నోరెత్తకుండా గిటార్లన్నీ పైకి లాగేసి ఇచ్చేస్తే సరి, జనం ముందు గ్లెన్‌కి వాడి గొంతే చెబుతుంది. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందో. మూడో పాటలో ఆ పై నోట్ దగ్గర వాడి మొహం, షీలా మొహం, అన్నీ కనబడ్డాయి. మీట మీద వేలు పెట్టాను కూడా. కానీ అదీ ఈ ఆరేళ్ళ పనే కదా. దొంగచాటుగా దించాను, దొంగచాటుగా ఎత్తుతాను. ఎప్పుడూ చీకట్లో వాడి గొంతుకి చాకిరీ.

లేచాను. బార్ దగ్గర మొగాళ్ళు ముగ్గురూ ఉన్నారు, బల్లకి అవతల షీలా. ట్యూనర్ తీసుకెళ్ళి గ్లెన్ గ్లాసు పక్కన పెట్టాను.

"ఇకనుంచి ఎవరి గిటార్ వాళ్ళు శ్రుతి చేసుకోండి."

"ఏమైంది బెవ్?"

"ఏడో పాట ఏమైందో అదే అయింది."

"ఓ, అదా." గ్లెన్ షీలా వైపు చూసి నవ్వాడు. "చెబుదామనే అనుకున్నా. మంగళవారం విన్నాంగా. నలుగురిలో నవ్వులపాలు కావడం ఎందుకు, నిన్ను కాపాడుతున్నా."

"ఆరేళ్ళుగా నిన్ను కాపాడింది నేను" అన్నాను. "ఆ పెట్టె రెండు అర మెట్లు కిందకి పెట్టి ఉంది. ఆరేళ్ళుగా నీ పాటలన్నీ కిందకి దించి చేతికిస్తున్నా. నా గొంతు బావిలో ఉందంటే అందుకు."

గ్లెన్ నవ్వడం ఆపలేదు, కాకపోతే ఆ నవ్వు మొహం మీద ఎండిపోయింది. "అబద్ధం. ట్రెవర్, చెప్పరా దీనికి."

ట్రెవర్ బూట్లు చూసుకున్నాడు. ఇరవై ఏళ్ళలో అతను నాకు వేసిన ఓటు అదొక్కటే.

"అసలు శ్రుతికి పెట్టు" అన్నాడు గ్లెన్. గొంతు తగ్గించి, పళ్ళు బిగించి. "ఎవరి గొంతు ఎంతో చూద్దాం."

"నువ్వే పెట్టుకో."

మీట ఎక్కడుందో వాడికి తెలియలేదు. వెతికాడు. తీగలు లాగాడు, ఒకటి తెగింది, మార్చుకున్నాడు. ట్రెవర్ తనది తనే పైకి లాక్కున్నాడు, నేను నా బేస్ అసలు శ్రుతికి తెచ్చుకుని నిలబడ్డాను. ఎప్పుడూ నేనొక్కదాన్నే చేసే పని నలుగురు చూస్తుండగా ఒక మొగాడు చేస్తుంటే అది ఎంత పెద్ద పనిగా కనబడుతుందో.

నాలుగున్నరకి మొదలుపెట్టాం. మొదటి పాట లాగాడు. రెండోదానికి మెడ మీద నరాలు తేలాయి. మూడోదాంట్లో పై నోట్ దగ్గర నోరు తెరిచాడు, గాలి వచ్చింది, దాని వెనక ఒక కీచు. జనం మంచివాళ్ళు, ఆ నోట్ వాళ్ళే అందుకుని పాడేశారు. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. కోపం రాయిలా అలాగే ఉంది, కరుగుతుందనుకున్నాను గానీ కరగలేదు.

గ్లెన్ నా వైపు తిరిగాడు. "దించవే" అన్నాడు, పెదాలు కదపకుండా.

"గిటార్ నీ చేతిలోనే ఉంది."

ఏడో చోటు దాకా ఆగకుండా మైకు దగ్గరికి పోయి, గొంతు సవరించుకుని, "చిన్న విరామం, పైలు వేడిగా ఉన్నాయి, బెవ్ ఇప్పుడే తెస్తుంది" అన్నాడు. కుర్చీలు కదిలాయి. కొందరు ఖాళీ గ్లాసులతో లేచారు. ట్రెవర్ గిటార్ దించబోయాడు.

నేను కదల్లేదు. కింది తీగ మీద వేలు పెట్టి ఎనిమిది చుట్లు మొదలుపెట్టాను.

ఒక చుట్టు. రెండు. గ్లాసులతో లేచినవాళ్ళు లేచినచోటే ఆగారు. మూడో చుట్టుకి కిటికీ పక్క బల్లల దగ్గర ఒకావిడ బూట్లు విప్పేసింది. ఇంకో ఇద్దరు నేల మధ్యకి వచ్చారు, మోకాళ్ళు నొప్పులున్న ఆడవాళ్ళు, ఆ పాట తెలిసిన మోకాళ్ళు. షీలా వంటింటి తలుపు దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. ఐదో చుట్టులో కార్ల్ వాళ్ళన్న వైపు ఒకసారి చూసి, నా వైపు చూసి, కర్రలు చేతిలోకి తీసుకున్నాడు.

గ్లెన్ నా పక్కకి వచ్చాడు. ఏ పాట అయినా, ఎక్కడైనా, శ్రుతి చెప్పేది తనే. ఇప్పుడు నా ఎడమచేతి వేళ్ళు చూస్తున్నాడు, అవి ఎక్కడున్నాయో అందడం లేదు.

"బెవ్" అన్నాడు. "ఏ శ్రుతిలో?"

ఏడో చుట్టు నడుస్తోంది. మైకు నా వైపు తిప్పుకున్నాను.

"విను" అన్నాను.