సగం దెబ్బ

కుట్టుపనామె పొద్దున్నే మిషను మీది గుడ్డ తీసి, బాబిన్‌కి దారం చుట్టి, కన్ను వాచిన రోజైతే దీపాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుని కాజాలు కుట్టేది. లారీ మెకానిక్ అయిన ఆమె మొగుడు కొట్టని వారం లేదు. కూర చల్లారిందని, తలుపు ఆలస్యంగా తీసిందని, ఒక్కోసారి ఏమీ లేకపోయినా. నిరుడు పానాతో మణికట్టు విరగ్గొట్టాడు. ఆదివారం చర్చిలో అందరూ ఆ కట్టు చూసి, పాటల పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు. "సంసారమన్నాక తప్పదమ్మా" అన్నారు పాస్టరుగారు. పై వీధి ప్రెస్బిటేరియన్ చర్చికి వెళ్లే అత్తగారైతే, "మగాడన్నాక చెయ్యి చేసుకోడా?" అనేది.

ఆ ఏడు కుట్టుపనామె వెళ్లే సంఘం సరిహద్దు అవతలున్న ఇంకో ప్రెస్బిటేరియన్ సంఘంతో భాగస్వామ్యం కుదుర్చుకుంది. ఒకరి బరువు ఒకరు మోస్తామని రెండు చోట్లా నిలబడి మాటిచ్చుకున్నారు. అప్పట్నుంచి మొగుడు కొడితే ఆమెకు సగం దెబ్బే తగిలేది. చెంప చెళ్లుమనేది గానీ పళ్లు కదిలేవి కావు. మిగతా సగం ఎటు పోతోందో ఆలోచించే తీరిక ఆమెకెక్కడిది?

వేసవిలో అవతలి సంఘం వాళ్లు బస్సులో చూడ్డానికొచ్చారు. ముందుగా దిగిన వాళ్ల పాస్టరు ఒక పెద్దావిడ. కింది పెదవి చిట్లి ఉంది. వెనక ఒక నర్సు, కంటి చుట్టూ నల్లగా కమిలిపోయి. ఆ వెనక టీచరు, చెయ్యి మెడకు కట్టుకుని. నర్సు తిన్నగా వచ్చి కుట్టుపనామె గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పింది.

"ఇది నీదేనా అమ్మా? మొన్న నాకూ ఇక్కడే తగిలింది."

"నాదేనండీ. ఏమనుకోకండి."

"నిన్నెందుకనుకుంటాం?" అంది టీచరు.

పెద్దావిడ సంఘ పెద్దల వైపు తిరిగింది. "మాటిచ్చాం, మోస్తాం. అంత దూరాన మాకు తగిలేది, గోడ అవతల మీకెందుకు తగలదు?"

ఆ ఆదివారమే ఆమె సంఘం వాళ్లూ, పై వీధి సంఘం వాళ్లూ లేచి, ఆమెతో పాటు ఒకరికొకరు అదే మాట ఇచ్చుకున్నారు. అందరికంటే గట్టిగా చెప్పింది అత్తగారే.

మెకానిక్ చర్చికి వచ్చే రకం కాదు. మర్నాడు మధ్యాహ్నం అన్నం పెట్టడం ఆలస్యమైందని ఆమె జుట్టు పట్టి ఈడ్చి, తలని గోడకేసి కొట్టాడు. ఆమెకు గాలి తగిలినట్టయింది. పక్కింట్లో ఎవరో కెవ్వున అరిచారు. పానా తీసి మూతి మీద కొట్టాడు. పై వీధిలో గిన్నెలు దబ్బున పడ్డాయి. ఆమె పడటం లేదన్న కసికొద్దీ భుజాల మీదా, వీపు మీదా బాదాడు. దెబ్బకో ఇంట్లోంచి కేక. చేతులు పడిపోయి అతనే కూలబడ్డాడు.

వీధంతా కదిలి వచ్చింది. ముక్కులోంచి రక్తం కారుతున్న పాస్టరుగారు పానా లాక్కున్నారు. ఇద్దరు పెద్దలు, నుదుళ్లు బొప్పి కట్టి, అతని రెక్కలు విరిచి పట్టుకున్నారు. వాళ్లను తోసుకుంటూ అత్తగారు వచ్చింది. చీరంతా రక్తం. గుప్పిట్లో రెండు ముందు పళ్లు.

"బట్టలు సర్దు" అంది నెత్తుటి నోటితో.

కుట్టుపనామె తన సంచి అందుకుంది.

"నీవి కాదే తల్లీ. వాడివి. పోలీస్ స్టేషన్లో కట్టుకోడానికి."