తిరుపాలు సారా అంగడి

వింజమూరుకు అవతల ఉన్న ఆ పల్లెలో తిరుపాలు ఏడేళ్లుగా సారా అంగడి నడుపుతున్నాడు. అంగడి అతనిది కాదు, కంట్రాక్టరుది. పొద్దున్నే జీపులో వచ్చే ప్యాకెట్ల మూటలు దింపుకోవడం, పొద్దుగూకేదాకా అమ్మడం, ఇంతే అతని పని. తను మాత్రం చుక్క ముట్టడు. అందుకే తన తప్పేమీ లేదనుకునేవాడు.

తొంభై రెండులో ఊళ్లో వయోజనుల బడి పెట్టారు. ఊరి చివరి పాళెంలో ఉండే రెబెకమ్మ సాయంత్రం పూట చర్చి వసారాలో ఆడవాళ్లకు అక్షరాలు నేర్పేది. తిరుపాలు భార్య శీనమ్మ కూడా పోయేది. వేరుశెనగ పీకి పీకి మొద్దుబారిన వేళ్లతో తన పేరు రాయడానికి ఆమెకు నెల పట్టింది. తనకూ అక్షరం ముక్క రాకపోయినా తిరుపాలు నవ్వాడు. ఆమె పట్టించుకోలేదు. ఆ తర్వాత బస్సు బోర్డు, మందుసీసా మీది కాగితం, గోడ మీది రాత, ఏది కనిపించినా ఆగి కూడబలుక్కుని చదవసాగింది.

శ్రావణం పోయాక ఒక పొద్దున జీపు రాలేదు. తిరుపాలు రోడ్డు దాకా పోయి చూశాడు. అరవైమంది ఆడవాళ్లు దారికి అడ్డంగా కూర్చున్నారు. దూరంగా ఆగిన జీపు కాసేపటికి వెనక్కి తిరిగి పోయింది. ఒక్క రాయి పడలేదు. వాళ్ల మధ్యలో శీనమ్మ ఉంది.

"ఏందిమే ఇది? ఇంటికి పా," అన్నాడు తిరుపాలు.

"నువ్వు అమ్మేది మానుకుంటే వస్తా."

రెబెకమ్మ లేచి వచ్చింది. "అన్నా, నీ మీద మాకు కోపం లేదు. కలెక్టరుకు అర్జీ రాసినాం. నువ్వూ ఒకసారి విను. శీనమ్మా, చదువు."

శీనమ్మ కాగితం విప్పి, ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివింది. మా ఊళ్లో సారా వద్దు. పిల్లకాయలు పస్తు పడుకుంటున్నారు. మా ఊరి కామయ్య తాగి బావిలో పడి చచ్చిపోయినాడు.

తిరుపాలు తల దించుకున్నాడు. ఆ రోజు కామయ్యకు చివరి రెండు ప్యాకెట్లు ఇచ్చింది తనే. ఊరంతటికీ తెలిసినా ఎవరూ అతని ముఖాన అనలేదు. ఇప్పుడు ఆ చావు సంగతి భార్యే కాగితంలో చూసి చదివింది.

"అది నువ్వే రాసినావా?"

"కామయ్య ముక్క నేనే రాసినాను."

అతను వెనక్కి పోయి అంగడికి తాళం వేసి, తాళంచెవి తెచ్చి రెబెకమ్మ చేతిలో పెట్టాడు.

మూడోనాడు కంట్రాక్టరు మనిషి మోటారుసైకిలు మీద వచ్చాడు. "తెరువు. ఎవరన్నా గలాటా చేస్తే నేను చూసుకుంటా."

"తాళంచెవి ఆడోళ్ల దగ్గర ఉండాది సార్. పోయి అడగండి."

అతను పాళెం వైపు పది అడుగులు వేశాడు. వాకిళ్లలోకి వచ్చి నిలబడ్డ ఆడవాళ్లను చూసి, బండి తిప్పుకుని పోయాడు.

ఆ అంగడి మళ్లీ తెరుచుకోలేదు. మరుసటేడు రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. అప్పటికి తిరుపాలు ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే సిద్ధయ్య దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఉలి ఇంకా మాట వినడం లేదు. వంకరపోయిన గరిటెలు ఇంటికి తెస్తే శీనమ్మ వాటితోనే సంగటి కెలికేది.

ఒక ఆదివారం అన్నం తింటూ అడిగాడు. "రెబెకమ్మక్క మగోళ్లకు కూడా చదువు చెప్తాదా?"

"అడిగితే చెప్తాది," అంది శీనమ్మ. "ముందు వరస మాది. నువ్వు ఎనక కూర్చోవాల."